ఎక్కడికని అడగని పొద్దులు

పరీక్షలప్పుడు ఫోన్ చేసి పిల్లను ఆగం చేయొద్దని మా అక్క పట్టు. తను చేయలేదు, నన్నూ చేయనివ్వలేదు. ఆఖరి పేపరు రోజున వెళ్ళి స్రవంతిని తీసుకురమ్మని మాత్రం నాకు అప్పజెప్పింది. స్రవంతి అక్క కూతురు. అబిడ్స్‌లో హాస్టల్లో ఉంటూ ఎమ్మెస్సీ చదువుతోంది.

పొద్దున్నే కాజీపేటలో రైలెక్కాను. కిటికీ సీటు కోసం ఒక పెద్దమనిషితో పోట్లాట, గెలుపు నాదే. భువనగిరి దాటాక ఆయనే పల్లీలు పెట్టి, "ఎవరికోసం పోతున్నవమ్మా?" అన్నాడు. బిడ్డ పరీక్షలంటే, "పాపం, ఆ నెలంత పిల్లలు పిల్లల్లెక్క ఉండరు" అన్నాడు.

పదిన్నరకు నాంపల్లి. ఇక్కడితో పట్టాలు అయిపోతాయి. జనమంతా గేటు వైపు తోసుకుపోతుంటే, ప్లాట్‌ఫాం మీద ఒక బెంచీ మీద ఒక అమ్మాయి కదలకుండా కూర్చుని ఉంది. ఒళ్ళో పరీక్ష ప్యాడ్, చేతిలో మూత తీసిన పెన్ను. అచ్చం మా స్రవంతే! కానీ స్రవంతి ఆ వేళకు హాల్లో రాస్తూ ఉండాలి. పైగా ఈ పిల్ల బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి. మనిషిని పోలిన మనుషులుంటారులే అనుకుని నవ్వాను. నేను ఎదురుగా లేనట్టే చూసింది. చూపు తిప్పుకుని గేటు వైపు నడిచాను.

అబిడ్స్‌కు ఆటోవాడు చెప్పిన రేటు విని, "నీ ఆటో కొనడానికి రాలేదు నాయనా" అని నడిచే వెళ్ళాను. దారిలో ఒక ఇరానీ చాయ్ తాగాను. హాస్టల్ పాత భవనంలో మూడో అంతస్తు. ఓనరమ్మ ఎదురొచ్చింది.

"ఔనమ్మా, పరీక్షకు పోయింది. రోజు పెరుగుల చక్కెరేసి తినిపించి తోలుతున్న. ఎటు పోతున్నవని ఒక్కరు గూడ అడగొద్దని అందరికి చెప్పిన. గట్ల అడిగితే పని కాదు గద!"

మా ఇంట్లోనూ అంతే. బయలుదేరేవాళ్ళను ఎక్కడికని అడిగితే తిట్టేస్తాం. ఆవిడను మెచ్చుకున్నాను కూడా.

గదిలో స్రవంతి మంచం నున్నగా సర్ది ఉంది. అలమర ఖాళీ. తోటి అమ్మాయి అమీనాది టాంజానియా, ఫార్మసీ చదువుతోంది. ఆమె చెవులకు మా స్రవంతి కమ్మలు. నన్ను చూడగానే తలుపు మూసి, వచ్చీరాని తెలుగులో అంది:

"ఆంటీ, ఎక్కడికని నేను అడిగాను. మా దేశంలో అడగకపోతే తప్పు. రోజూ స్టేషన్‌కే వెళ్తోందట. ఒక్క పేపరూ రాయలేదు. ఈరోజు ఈ కమ్మలు ఇచ్చింది. తిరిగి ఇవ్వొద్దంది. మీ నంబరు కోసం వెతుకుతున్నాను. మా అన్న కూడా పరీక్షల ముందు ఇలాగే ఉన్నట్టుండి ప్రశాంతంగా అయిపోయాడు."

"ఇప్పుడెక్కడున్నాడమ్మా?"

"లేడు ఆంటీ," అంటూ అమీనా చెప్పులు వేసుకుంది.

అంటే పొద్దున బెంచీ మీద చూసింది మా స్రవంతినే! ఇద్దరం కిందికి పరుగెత్తి దొరికిన ఆటో ఎక్కాం. దారి పొడవునా నన్ను నేనే తిట్టుకున్నాను. దేవుడా, ఆ పిల్ల అక్కడే ఉండాలి!

అక్కడే ఉంది. అదే బెంచీ, అదే చూపు. పెన్ను కూడా అలాగే పట్టుకుని ఉంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే మంచులా తగిలింది.

"చిన్నమ్మా, నువ్వు రైలు దిగి నన్ను చూసినవ్. నవ్వినవ్. మల్ల పోయినవ్," అంది మెల్లగా. "ఇగ నేను ఎవ్వరికి కనబడ్తలేననుకున్న."

ప్లాట్‌ఫాం అని కూడా చూడకుండా పిల్లను పట్టుకుని బోరుమన్నాను.

అట్నుంచి అటే లక్డీకాపూల్‌లో ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్ళాం. "ఇది జబ్బు, తగ్గుతుంది. ఒంటరిగా మాత్రం వదలకండి" అని మందులు రాసి, వారానికి మళ్ళీ రమ్మందామె. ఆ రాత్రి అమీనా, నేను స్రవంతికి చెరో పక్కన పడుకున్నాం. పని పడింది, రేపొస్తామని అక్కకు చెప్పాను.

మర్నాడు మధ్యాహ్నం నేనూ స్రవంతీ నాంపల్లిలోనే తిరుగు రైలెక్కాం. ఈ దారిన పిల్లల కోసం వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: శకునం చెడితే చెడనీయండి, అడగండి. సికింద్రాబాద్ దాటాక అక్క ఫోన్ చేసింది.

"పేపర్లు మంచిగ రాసిందానే?"

"ఒక్కటి గూడ రాయలేదక్కా. పానం బాగలేదు పిల్లకు. చానా రోజులసంది బాగలేదు. తోలుకొస్తున్న."

తిడుతుందనుకున్నాను.

"ఏ బోగీ?" అంది అక్క.

స్రవంతి నా చేతిలోంచి ఫోను తీసుకుంది. "వెనకకెల్లి రెండోది, అమ్మా. జర ముందుగాలనే వచ్చి నిలబడు."