ఓబో వంతు

నేను క్లారినెట్ నేర్చుకున్నది పెళ్ళి బ్యాండులో. బర్మాలో, యాంగోన్ శివారు తాకేటాలో మా తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకు వాయించేవాళ్ళం. అక్కడ ఊరుకోవడమనే మాటే లేదు; ఊపిరి ఉన్నంతసేపూ అందరూ ఊదాల్సిందే. అందుకే యాంగోన్‌లో ఒక చర్చి హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు సాధన చేసే ఆర్కెస్ట్రాలో చేరిన కొత్తలో, నా వంతు కాని చోట కూడా ఊదేసి నవ్వులపాలయ్యాను.

నా పక్కన ఓబో, అంటే సన్నాయి లాంటి వాద్యం, వాయించే అక్క నది అవతలి తన్లిన్ నుంచి వచ్చేది. హాలు మొత్తానికి మేమిద్దరమే తెలుగువాళ్ళం. నేను తొందరపడినప్పుడల్లా నా పాదం తొక్కేది. ఇంట్లో నేనొక్కణ్ణే. వారమంతా బర్మీస్‌లో బతికేవాణ్ణి. నిజం చెప్పాలంటే, సంగీతం కంటే ఆమెతో తెలుగు మాట్లాడ్డానికే అక్కడికి వెళ్ళేవాణ్ణి.

అప్పుడు మేం పట్టుకున్నది ఒక సింఫనీ. తర్వాత ప్రపంచమంతా పేరు మోసిన స్వరకర్త దాన్ని పదిహేడేళ్ళప్పుడు రాశాడట. రాసి, ఏ మూలనో పడేసి, ఒక్కసారైనా వినకుండానే పోయాడట. ఇంత మంచిది రాసి దాచుకోవడం ఏం బుద్ధో! రెండో భాగంలో ఓబో పాడుతుంటే మిగతావాళ్ళం మెల్లగా తోడుంటాం. అక్క వాయిస్తుంటే నేను అందుకోవాల్సిన చోటే మర్చిపోయేవాణ్ణి.

తర్వాత దేశంలో రోజులు చెడ్డాయి. వాయించేవాళ్ళు ఒక్కొక్కరే దేశం దాటారు. అక్క కూడా బ్యాంకాక్ వెళ్ళిపోయింది. "రొండు నెల్లే, వొచ్చెస్తాను" అంది. ఏడాది దాటినా నా పక్కన ఆమె కుర్చీ ఖాళీగానే ఉంది.

నా స్వరాల కాగితం మీద ఓబో స్వరాలు కూడా చిన్నగా అచ్చయి ఉంటాయి. ఎక్కడ అందుకోవాలో తెలియడానికి. ఆ మనిషి లేకపోతే వాయించెయ్యడానికి కూడా. సయా, అంటే మా మాస్టారు, వాటిని చూపించి "నువ్వు వాయించు" అన్నారు. నేను మొండికేశాను. నేను అందుకుంటే ఆమె ఇక రానట్టే అని నా భయం. నాలుగు ఆదివారాలు లేని పాటకు అందరూ తోడు వాయించారు. సిగ్గేసింది. అయినా ఊదలేదు.

చివరికి అక్కకు ఫోన్ చేసి, నీ వంతు ఎవరికీ ఇవ్వలేదని గొప్పగా చెప్పాను.

"ఏటిరా తమ్ముడా, పిచ్చా నీకు?" అంది. "రాసిన పిల్లడే ఇనలేదు. నన్నూ ఇననివ్వవేటి? ఆదోరం పోను ఎట్టి వాయించు."

ఆదివారం ఆమెకు ఫోన్ కలిపి, కాగితం పక్కన పెట్టుకుని వాయించాను. రెండుచోట్ల ఊపిరి చాలలేదు. అయిపోయాక ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను.

"బాగుందిరా" అంది. "నా కుర్చీ తీసెయ్యమని సయాకి సెప్పు."

చెప్పలేకపోయాను. నేనే దాన్ని మోసుకెళ్ళి గోడ వారన పెట్టి, వచ్చి కూర్చుని ఏడ్చాను.