పడుగు ఆరేదాకా

1941లో నన్ను సంస్థానం వారి విహారతోటకు దరోగాగా వేశారు. గద్వాలకు దగ్గరలో, కృష్ణ ఒడ్డున ఉన్న చిన్న తోట అది. దరోగా అంటే మాలీల మీద అజమాయిషీ చేయడం, చెట్లకు నీళ్లు పెట్టించడం, వచ్చిన పెద్దల షికారుకు పుట్టి సిద్ధం చేయించడం. పుట్టి అంటే వెదురు బుట్టకు తోలు తొడిగిన గుండ్రటి పడవ. అలవాటు లేనివాళ్లు అందులో కూర్చుంటే పుట్టి కంటే వాళ్ల తలే ఎక్కువ తిరిగేది.

ఆ కార్తీకంలో అకాలవర్షం కురిసి పక్క ఊరి వీధులన్నీ బురదయ్యాయి. నేతపని చేసే నాగమ్మ, ఆమె భర్త వచ్చి తోటలోని కంకర బాట అడిగారు. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే చీర నిలువు పోగులను, పొడుగ్గా సాగదీసి గంజి పట్టించి ఆరబెట్టాలి. దానికి వీధంత చోటు కావాలి. తోట తెరిచేలోపు తీసేయాలని చెప్పి ఒప్పుకున్నాను.

గంజి పట్టించడం అయిందో లేదో మబ్బు కమ్మింది. అంతలోనే తోటల పై అధికారి నాజిం సాబు చెప్పాపెట్టకుండా వచ్చి గేటు దగ్గర టాంగా దిగారు. పరుగున వెళ్లి పడుగు తీసేయమన్నాను.

"గిప్పుడు చుడితే పోగులన్ని అతుక్కపోతయి దరోగా సాబూ," అంది నాగమ్మ. "గీ పడుగు పోతే మా ఇంట్ల పొయ్యి రాజదు. జర ఎండ రానియ్యున్రి."

ఎండను నేనెక్కడి నుంచి తేను? గేటు దగ్గరికి వెళ్లి, ముందు నదిలో షికారు చేసి, తర్వాత తోట చూడవచ్చని నాజింగారికి మనవి చేశాను. ఆయన ఉత్సాహంగా తలూపారు. పుట్టి నడిపే భీమన్న నన్ను పక్కకు పిలిచి, "ఎంతసేపు తిప్పాలె సాబూ?" అని అడిగాడు. పడుగు ఆరేదాకా అన్నాను.

అతను ఆయన్ని ప్రవాహం వెంట దూరం తీసుకుపోయాడు. ఎదురీది రావడం ఎంత ఆలస్యమో మా ఇద్దరికీ తెలుసు. వాళ్లు తిరిగొచ్చేసరికి ఎండ కాసింది, నాగమ్మ దంపతులు ఆరిన పడుగును చుట్టుకుంటున్నారు. తూలుతూ దిగిన నాజింగారు అదేమిటని అడిగారు. దాచకుండా అంతా చెప్పాను. పడుగు గురించి ఆయన ఒక్క మాట అనలేదు. తనను నదిలో తిప్పి మోసం చేశానన్నారు. నెల తిరక్కముందే నన్ను ఇటిక్యాలలో గుమాస్తాగా వేశారు. ఆ తోటంటే నాకు ప్రాణం. చాలా బాధపడ్డాను.

పై అధికారికి ముందు చెబితే అది మనవి, తర్వాత చెబితే మోసం. కొలువులో నేను నేర్చుకున్నది అది. మళ్లీ ఎన్నడూ తప్పలేదు. కానీ గంజి తడి మీదున్న పడుగు అనుమతి కోసం ఆగదు. ఆ ఉదయం మళ్లీ వస్తే, నాజింగారిని మళ్లీ పుట్టి ఎక్కిస్తాను.