సీసం పోసిన దీపం

బోర్లత్తకి ఎడమ చెవి వినిపించదు. పదకొండేళ్ళప్పుడు తండ్రి కొట్టిన ఒక్క దెబ్బకి పోయింది. ఆ పిల్ల చేసిన నేరం వింటే ముందు నవ్వొస్తుంది, తర్వాత ఒళ్ళు మండుతుంది. ఇనుము మీద ఇత్తడి పూత పూసిన టేబుల్ లాంపుని చూసి "ఇది అసలు ఇత్తడే నాన్నా" అంది. ఆ పెద్దమనిషి నోటితో చెప్పే రకం కాదు. దీపాన్ని బల్ల మీద బోర్లించాడు, అడుగున అంటించిన ఆకుపచ్చ బనాతు గుడ్డ చించాడు, అయస్కాంతం పెట్టాడు. అది టక్కున అతుక్కుంది. అదే చేత్తో పిల్ల చెంప పగలగొట్టాడు. చెవిలోంచి రక్తం కారి గౌను మెడ తడిసింది. "ముఖం చూసి మోసపోకు, అడుగు చూడు" అన్నాడు, ఏదో మంత్రోపదేశం చేసినట్టు. వాడి చేతులు పడిపోను, చెవులు పోగొడితేనే విద్య వస్తుందా? వచ్చింది లెండి, అదే బాధ.

అప్పట్నించీ ఏ దీపం చేతికొచ్చినా ముందు బోర్లించి చూడటం అలవాటైపోయింది. వీధి వీధంతా బోర్లత్త అని పేరు పెట్టేసింది. అసలు పేరు ఆవిడకి కూడా సంతకం పెట్టేటప్పుడే గుర్తొస్తుందని పక్క కొట్టు తాళాల తాత వేళాకోళం చేసేవాడు.

తండ్రి పోయాక కొట్టు ఆవిడదే. రైలు పెట్టెలా పొడుగ్గా, ఇరుగ్గా ఉండేది. రెండు వైపులా అరల నిండా పాత టేబుల్ లాంపులు, మధ్యలో పని బల్ల, బల్ల మీద ఎప్పుడూ కాగుతూ ఉండే టంకం కడ్డీ. ఎవరైనా దీపం తెచ్చి "వందేళ్ళ నాటిదమ్మా" అంటే నవ్వేది. "మనుషుల వయసు మనుషులు చెబితే నమ్మొచ్చు, దీపం వయసు దీపమే చెప్పాలి గానీ మీరెవరండీ చెప్పడానికి?" పాతది ఒకేలా అరగదు. స్విచ్చి దగ్గర, మెడ పట్టుకునే చోట, చెయ్యి తగిలిన దగ్గరే అరుగుతుంది. ఒళ్ళంతా సమానంగా నల్లబడిందంటే ఎవడో యాసిడ్ పోశాడని లెక్క. పాత మరల తలల మీద గాడి చేత్తో కోసింది కాబట్టి నడిమధ్యన ఉండదు, కాస్త పక్కకి ఒరుగుతుంది. కొనడానికి వచ్చినవాళ్ళని ముందు కుర్చీలో కూలేసి చేతికి పుస్తకం ఇచ్చేది. "చదవండి. లాంపు గొడుగు అంచు మీ కంటి మట్టానికి రావాలి. పైకుంటే బల్బు కళ్ళల్లో పొడుస్తుంది, కిందకుంటే సగం పేజీయే కనిపిస్తుంది. అందంగా ఉందని కొన్నారో, నెల తిరక్కుండా అటక మీద పడేస్తారు."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. బోర్లత్త నోరు మంచిదే, కాకపోతే నిజం తప్ప పలకదు. పూతల బ్రోకరు అని ఒకడుండేవాడు. కొత్త లాంపుల్ని ఉప్పు మట్టిలో పాతిపెట్టి, చిలుము పట్టించి పాతవని అమ్మేవాడు. ఒకసారి వాడి ఖాతాదారుడి ముందే దీపాన్ని బోర్లించి "పైన పటారం, లోన లొటారం" అనేసింది. మర్నాడు పొద్దున్నే ఇద్దరు మనుషుల్ని, రెండు ఇనప కడ్డీల్ని వెంటేసుకుని దిగాడు. నలభై దీపాలు పగలగొట్టారు. అడ్డం వెళ్తే డొక్కలో తన్నారు, రెండు ఎముకలు విరిగాయి. గాజు పెంకుల మీద పడి ఉన్న మనిషి చేతికి పట్టకారు దొరికింది. దాంతో బ్రోకరు బొటనవేలు పట్టుకుంది. వాడు కడ్డీతో వీపు మీద బాదుతున్నా వదల్లేదు. లోపల ఎముక పటుక్కుమన్నాక గానీ వదల్లేదు. ఆ తర్వాత వాడు ఆ వీధి మొహం చూడలేదు.

ఇంత చెయ్యి ఉన్న మనిషి మేనకోడలి మీద మాత్రం ఒక్కనాడూ చెయ్యెత్తలేదు. తమ్ముడూ మరదలూ ఒకే రోడ్డు ప్రమాదంలో పోతే ఆరేళ్ళ పిల్లని కొట్టుకే తెచ్చుకుని పెంచింది. పిల్ల అల్లరి మరీ మితిమీరితే తన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడేది. తండ్రి చెయ్యి తన భుజానికే అతికి ఉందని ఆవిడ భయం. పిల్లకి పుస్తకాల పిచ్చి. పెద్దయ్యాక ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగం తెచ్చుకుంది. కళ్ళద్దాలు చేయించుకోవడానికి వెళ్ళి, ఆ కొట్టు నడిపే అతన్నే ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. అతను మెత్తగా మాట్లాడేవాడు. గాజు ముక్కని వేళ్ళ చివరలతో పట్టుకునే తీరు చూసి బోర్లత్త ముచ్చటపడింది. "సున్నితమైన చెయ్యి" అంది తాళాల తాతతో.

పెళ్ళికి దీపమే ఇచ్చింది. నాలుగు నెలలు వెతికి ఎంచింది. పోత ఇత్తడి, సన్నటి మెడ, ఆకుపచ్చ గాజు గొడుగు. ఆ గాజు ఇప్పుడెవరూ చెయ్యరు, పగిలితే ఇంకోటి దొరకదు. అల్లుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "దీని విలువ నాకు తెలుసత్తయ్యా" అన్నాడు. తెలుసు మరి, బాగా తెలుసు.

రెండేళ్ళకి అతనే దీపం సంచిలో పెట్టుకుని వచ్చాడు. "కింద పడింది అత్తయ్యా. మెడ వంగిపోయింది."

"గాజు పోయిందా?"

"లేదు లేదు, ఇంట్లో భద్రంగా ఉంది."

బోర్లించి చూసింది. మెడ దిమ్మలోకి దిగే చోట మర చీలిపోయి ఉంది. పరాయివాళ్ళు తెచ్చి ఉంటే పది ప్రశ్నలు వేసేది. గాజు గొడుగు దీపం పడితే ముందు పగలాల్సింది గాజే కదా అనేది. అల్లుడాయె. పిల్ల ఎలా ఉందని అడిగింది, పని ఎక్కువై రావడం కుదరట్లేదన్నాడు. పైగా తప్పు తన నెత్తినే వేసుకుంది. "దిమ్మ తేలికది బాబూ, నేనే చూసుకోవాల్సింది. సీసం పోస్తాను, మెడలో ఇనప చువ్వ దించుతాను. ఇంక ఏనుగు తోసినా పడదు." దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు పెద్దలు. కిలోన్నర సీసం కరిగించి పోసింది. అతను పక్కనే స్టూలు మీద కూర్చుని చూశాడు. ఇచ్చాక మెడ పట్టుకుని ఎత్తి, బరువు చూసి, "బావుంది" అన్నాడు.

ఏడు నెలలు గడిచాయి. ఆసుపత్రి నుంచి ఫోను. వెళ్ళేసరికి పిల్ల దవడ రెండు చోట్ల విరిగి, పళ్ళు తీగతో బిగించి ఉన్నాయి. ఎడమ చెంప ఎముక లోపలికి నొక్కుకుపోయింది, ఆ కంటికి కట్టు. "బీరువా మీంచి దీపం పడింది అత్తయ్యా" అన్నాడు అల్లుడు, కళ్ళు తుడుచుకుంటూ. "నిజమేనా తల్లీ?" అని అడిగితే పిల్ల గోడ వైపు తిరిగి తలూపింది. డాక్టరమ్మ బోర్లత్తని వరండాలోకి పిలిచింది. "రెండంగుళాలు పైకి తగిలుంటే మనిషి దక్కేది కాదు. ఇంకో దెబ్బ ఆ తల తట్టుకోదు. నాలుగు రోజుల్లో ఇంటికి పంపిస్తాం, జాగ్రత్తగా చూసుకోండి." ఏ ఇంటికి పంపుతారో బోర్లత్త అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం అల్లుడు కొట్టుకొచ్చాడు. ఈసారి సంచిలో దీపం, అట్టపెట్టెలో గాజు, రెండూ తెచ్చాడు. "అరిష్టపు వస్తువు, ఇంట్లో వద్దు. మీరే అమ్మిపెట్టండి. మంచి ధర వస్తుంది కదా, గాజుతో సహా ఉంది."

గాజుని వెలుగులోకి ఎత్తి చూసింది. గీత కూడా లేదు. దాన్ని పట్టి ఉంచే కంటె మీద మూడు చిన్న మరలు, తను పెళ్ళికి ఇచ్చేనాటికి చిలుము పట్టి బిగుసుకుపోయి ఉన్నవి, వాటి గాడులు కొత్తగా మెరుస్తున్నాయి. కళ్ళజోళ్ళు బిగించే సన్న స్క్రూడ్రైవరు జాడలవి. దీపాన్ని బోర్లించింది. దిమ్మ అంచు గుడ్డతో శుభ్రంగా తుడిచి ఉంది. మెడ దిగే చోట మర చుట్లలోకి మాత్రం గుడ్డ వెళ్ళదు. అక్కడ గోధుమ రంగులో ఎండిన రక్తం, దాంట్లో చుట్టుకుని ఒక పొడుగాటి వెంట్రుక.

"పడిపోయే దీపం తన గొడుగు తనే విప్పుకుని, పక్కన పెట్టుకుని పడుతుందా అల్లుడూ?"

"నేను కొట్టలేదు."

కొట్టావని ఎవరన్నారు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే. ఆ ముక్క తనకీ తెలిసినట్టుంది, లేచి షట్టరు సగానికి దించాడు. మెత్తటి గొంతు ఎటు పోయిందో పోయింది. "మీ పిల్లకి పొగరు. ప్రతిదానికీ తప్పులు దిద్దుతుంది. నాలుగు రోజుల్లో ఇంటికొస్తుంది కదా, చూసుకుంటాను. మీరు నోరు మూసుకుంటే మీకే మంచిది."

"అది నీ ఇంటికి రాదు."

దీపం మెడ పట్టుకుని తిప్పి కొట్టాడు. దిమ్మ బోర్లత్త భుజం మీద పడింది. మెడ కింది ఎముక ఎండు పుల్లలా విరిగింది. బల్ల మీద బోర్లా పడింది మనిషి. రెండో దెబ్బ తలకి చూసుకుని వేశాడు. ఆవిడ పక్కకి దొర్లితే బల్ల అంచు చీలింది. చేతికి అందినది టంకం కడ్డీ. అతని మణికట్టుకి ఆనించి నొక్కింది. మాంసం కాలిన వాసన కొట్టు నిండా వ్యాపించింది. అరుస్తూ దీపం వదిలేశాడు, అది అతని పాదం మీదే పడింది. కుంటుతూనే మీదికొచ్చి గొంతు పట్టుకుని గోడకేసి బాదాడు. ఒకసారి, రెండుసార్లు. కళ్ళు బైర్లు కమ్ముతున్నా, ఆవిడ కుడి చెయ్యి అరలో తడిమి చెక్క సుత్తి పట్టుకుంది. మోకాలి చిప్ప మీద కొట్టింది. పడ్డాడు. పడ్డాక కూడా కొట్టింది. మోకాలి మీద, చేతి మీద, ఆ సున్నితమైన వేళ్ళ మీద. అతను రెండు చేతులూ జోడించబోతే ఆ చేతుల మీదే కొట్టింది.

షట్టరు కింద నుంచి దూరి వచ్చిన తాళాల తాత వెనక నుంచి వాటేసుకున్నాడు. "చాలమ్మా. చచ్చిపోతాడు."

"చావనీ బాబాయ్."

"వాడు చస్తే నువ్వు జైలుకి పోతావు. పిల్లని ఎవరు చూస్తారు?"

ఆ మాటకి సుత్తి జారింది. పోలీసులు వచ్చి అతన్ని స్ట్రెచరు మీద మోసుకెళ్ళారు. దీపాన్ని తుడవకుండా, ముట్టుకోకుండా చూపించింది బోర్లత్త. గాజు, మరలు, వెంట్రుక, ఒక్కొక్కటీ వివరించి చెప్పింది. రాసుకుంటున్న పోలీసాయన పెన్ను ఆపి "ఇంత ఎలా కనిపెట్టారండీ?" అన్నాడు. "నా పనే అది" అంది.

విరిగిన ఎముకకి కట్టు కట్టించుకోకుండానే పిల్ల మంచం దగ్గరికి వెళ్ళింది. కిటికీలోంచి సాయంత్రపు ఎండ పడుతోంది. "అంతా తెలిసిపోయింది తల్లీ. వాడింక రాడు. నువ్వు మనింటికే వస్తున్నావు. ఇంత నరకం పడుతూ నాకొక్క మాట చెప్పలేదేమే? నేను చచ్చాననుకున్నావా?"

పిల్ల కట్టు లేని కన్ను ఆవిడ వైపు తిప్పింది. నోరు తెరవడానికి లేదు. దిండు పక్కనున్న కాగితం తీసుకుని రాసింది. ఎంత నొప్పిలోనూ అక్షరం వంకర పోలేదు.

"మొదటిసారి ఆ దీపంతో నా వీపు మీద కొట్టాడు. మెడ వంగితే నీ దగ్గరికే తెచ్చాడు. నువ్వు చూడగానే తెలుసుకుంటావని, నా కోసం పరిగెత్తుకొస్తావని రెండు రోజులు గుమ్మంలో కూర్చున్నాను. నువ్వు సీసం పోసి పంపించావు."

బోర్లత్త మంచం పట్టె పట్టుకుంది. "నాకు తెలియలేదే తల్లీ. ఒట్టు. నిజంగా తెలియలేదు."

పిల్ల కాగితం వెనక్కి తీసుకుని, కింద ఇంకో ముక్క రాసి ఇచ్చింది.

"నీకు తెలియని దీపం ఉంటుందా అత్తా."