గోడకు ఆనించిన పాట

రాజమౌళికి ఎప్పుడు తెలిసింది? గంగవ్వ ఇప్పటికీ తేల్చుకోలేని ప్రశ్న ఇది. ఆఖరి రోజుల్లోనే తెలిసిందా, లేక మొదటి నుంచీ తెలిసి కూడా ఆమె కోసం ఊరుకున్నాడా?

సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చిన నాటి నుంచీ రాజమౌళి ఆ ఊరి శివారు జోల్వాలో సాంచాలు నడిపాడు. మరమగ్గాన్ని వాళ్లు అలాగే అంటారు. ఏళ్ల తరబడి ఆ మోత అతని చెవుల్లోని సన్నని చప్పుళ్లన్నిటినీ తినేసింది. కుక్కర్ కూత, భార్య గొణుగుడు ఏవీ అందవు. ఎదురుగా ఉంటే పెదాలు చూసి పోల్చుకుంటాడు. లావు చప్పుళ్లు మాత్రం ఒంటికి తెలుస్తాయి. కరోనా మొదటి ఏడు అతన్ని పడేసి, సగం ఊపిరితో వదిలిపెట్టింది. మళ్లీ అంటుకుంటే తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరు గంగవ్వకు చెప్పాడు.

రెండో ఏడు ఎండాకాలం కార్ఖాన మూతపడింది. వీళ్ల గదికీ దానికీ గోడ ఒకటే. మోత ఆగేసరికి రాజమౌళికి నిద్ర కరువైంది. కడోదరా దారిలో వరసగా పోయే అంబులెన్సులు అతనికి వినిపించవు. గంగవ్వకు అన్నీ వినిపిస్తాయి.

అప్పుడే కూతురు సుమన, కాలేజీ దోస్తు పంపిన ఆల్బమ్ ఒకటి స్పీకరులో పెట్టింది. స్పీకరును చెక్కపెట్టె మీద ఉంచి, పెట్టెను గోడకు జరిపి, తండ్రి ముఖంలోకి చూస్తూ చెప్పింది.

"దీన్ని డబ్ అంటరు బాపూ. జమైకా దిక్కు పుట్టింది. రెగె పాటల నుంచి గొంతు తీసేస్తరు, వాయిద్యాలు ఒక్కొక్కటే మాయం చేస్తరు. దడదడ మోగే బేస్ ఒక్కటి మిగుల్తది."

అతను పెట్టెకు వీపు ఆనించాడు. మోత వీపులోంచి ఎదలోకి ఎక్కింది. మధ్యలో ఎవరో అరమాట అని మాయమవుతారు. ఆ మాటే తిరిగి తిరిగి వచ్చి, ఎక్కడో లోతుకు పోతుంది.

"బోరింగుల మనిషి పడ్డట్టున్నది. గిదేం పాటే?" అంది గంగవ్వ.

"నీకు చెవులున్నయి, నీకేం తెలుస్తది," అన్నాడు రాజమౌళి ఆమె పెదాలు చూసి. "గిది నా అసొంటోని కోసమే కట్టిండ్రు. మనిషి పోతడు, వాడు నిలవడ్డ జాగ మోగుతనే ఉంటది."

ఆ మాట ఆమెకు నచ్చలేదు. ఆ వరసలో అప్పటికే కొన్ని గదులకు తాళాలు పడ్డాయి.

ఒక పొద్దున, అదే కార్ఖానలో పనిచేసే సోమలింగం పంపు దగ్గర మాస్కు కిందికి లాగి చెప్పాడు.

"వదినా, సేఠ్ షట్టర్ సగం దించి రేపటి సంది సాంచాలు నడిపిస్తడట. పిలిచినోళ్లల్ల ఇద్దరికి జరమున్నది. అన్నకు చెప్పకు. తన సాంచాల మీద ఇంకొకన్ని నిలవెడుతున్నరంటే ఆగడు."

ఆగడని ఆమెకూ తెలుసు. బిడ్డ పుట్టిన నాడు కూడా మగ్గానికి పడుగు ఎక్కించాకే ఆసుపత్రికి వచ్చిన మనిషి.

మర్నాడు గోడ వణకకముందే గంగవ్వ పాట పెట్టించింది.

"ఏందే, నీకు గూడ పిచ్చి లేసిందా?" అన్నాడు రాజమౌళి.

"మంచిగనే ఉన్నది. జర మోత పెంచు బిడ్డా."

ఇక పొద్దంతా అదే పాట. అవతల సాంచాల దడ, ఇవతల బేస్ దడ, రెండూ నేలలో కలిసిపోయాయి. కానీ ఆల్బమ్ మధ్యలో ఒకచోట బేస్ కూడా ఆగిపోతుంది. గాలిలో సన్నని ప్రతిధ్వని ఒకటే మిగులుతుంది. ఆ చోటు దగ్గరపడగానే గంగవ్వ రోలు ముందు కూర్చుని కారం దంచేది. సోమలింగం మళ్లీ పంపు దగ్గర కనబడలేదు. ఎవరినీ అడగడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

ఒకనాడు నీళ్ల ట్యాంకరు వచ్చింది. బిందెతో తిరిగి వచ్చేసరికి పాట నడుస్తూనే ఉంది. రాజమౌళి అరచెయ్యి నేల మీద పరిచి కూర్చున్నాడు.

"రోజూ దంచుతనే ఉన్నవు," అన్నాడు. "ఇంట్ల కారం ఒడవదాయె."

ఆమె బిందె దించింది.

"నా సాంచాల మీద ఎవడున్నడు?"

"నాకేమెరుక."

"ఎవడో గానీ, మూల సాంచా నిన్నటి సంది సక్కగ నడుస్తలేదు."

ఆమె వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. ఒక్క మాటా జారిపోకూడదని పెదాలు నెమ్మదిగా కదిలించింది. "పోవద్దు. లోపల జరాలున్నయి. డాక్టరు ఏమన్నడో యాదికున్నదా?"

"పోతనన్ననా?" అని అతను మళ్లీ పెట్టెకు ఆనుకుని కళ్లు మూశాడు. వినదలుచుకోనప్పుడు అతను చేసే పని అదే. గంగవ్వ మాత్రం ఆ పూట, పాటలో మునిగాడనే అనుకుంది. పొయ్యి వెలిగించి ఎసరు పెట్టింది.

బియ్యం కడిగి ఇటు తిరిగేసరికి తలుపు ఓరగా ఉంది. ఆమె గడప దాకా వచ్చింది. సందు చివర అతని వీపు కనబడింది. ఎడమకు తిరిగితే రోడ్డు, కుడికి తిరిగితే కార్ఖాన. అతను కుడికి తిరిగాడు.