అక్విడెక్టుకు సున్నం మోసిన అచ్చమ్మ

సుబ్బరాజు గారూ నేనూ ఒకే బడిలో చదివాం. మా నాన్న వాళ్ళింట్లో పాలేరు. రాజు గారు ఈ మధ్య నైలు నది మీద పది రోజులు పడవలో తిరిగి వచ్చారు. ఈ ఉదయం గన్నవరం టీ కొట్టులో గుళ్ళు, సమాధులు, రాతి విగ్రహాలు ఫోనులో ఒక్కొక్కటే చూపించారు. నైలు గురించి ఆయన చూసినదానికంటే నేను చదివిందే ఎక్కువ. అయినా ఊరుకున్నాను. ఆయన ఊరుకోలేదు.

“చరిత్రంటే అదండీ మాస్టారూ! మన గోదారి పక్కనేముంది, కొబ్బరి చెట్లు తప్ప?”

ఎదురుగానే పాత అక్విడెక్టు. పొలాలకు వెళ్ళే కాలువను నది మీదుగా దాటించడానికి కట్టిన పొడవాటి తోరణాల వరుస. పుట్టిన దగ్గర్నుంచి ఆయన దాని మీదే తిరుగుతున్నారు.

“రాజు గారూ, ఆ సమాధులకి రాళ్ళు మోసినోళ్ళ పేర్లు మీ గైడు చెప్పేడా?”

“అవెవరికి తెలుస్తాయండీ?”

“దీనికి సున్నం మోసినావిడ పేరు నాకు తెలుసండి. అచ్చమ్మ. మా తాతగారి నాయనమ్మ. మా ఇంట్లో పెళ్ళి ప్రార్థనలో ఇప్పటికీ ఆ పేరు చెబుతాం. ఆవిడ తట్ట దింపేకే మీ పొలాలకి నీళ్ళొచ్చేయి.”

“ఆయ్,” అన్నారు రాజు గారు. తర్వాత నన్ను ఆ తోరణాల ముందు నిలబెట్టి ఫొటో తీసుకున్నారు.

మీ ఊళ్ళో పాత కట్టడానికి రాళ్ళు మోసినవారి పేర్లు తెలిస్తే కింద రాయండి. కట్టించినవారి పేర్లు వద్దు. అవి శిలాఫలకాల మీద ఉన్నాయి.