బండ్ల సంఘం ట్రాక్టరు

రెంజల్ పక్క ఊరి రాజలింగు సగం బతుకు బండి మీద వెల్లకిలా పడుకునే గడిపాడంటే అబద్ధం కాదు. చెరుకు నిండుగా ఎక్కించి, పైన గొంగడి పరుచుకుని, పగ్గాలు పక్కన కట్టేసేవాడు. బోధన్ ఫ్యాక్టరీకి పోయే దారి ఎడ్లకు తెలుసు. పొద్దుటి మంచులో రెండు పక్కలా చెరుకు తోటలు ఉన్నాయో లేవో అన్నట్టు కనిపించేవి. చక్రాల కిర్రుమనే చప్పుడు మీద కళ్ళు మూతలు పడుతుంటే, పైన ఆకాశం నెమ్మదిగా వెనక్కి జరిగేది. ఆ జరిగే ఆకాశంలో రాజలింగుకు ఒక ఎర్ర ట్రాక్టరు కనబడేది.

నవ్వకండి. కొందరికి దేవుడు కనబడతాడు, కొందరికి పోయినవాళ్ళు కనబడతారు, ఈయనకు ట్రాక్టరు కనబడేది. నిజామాబాద్‌లో ఒక దుకాణం ముందు దాన్ని ఒక్కసారి చూశాడు, మనసు పారేసుకున్నాడు. నిద్రలో కూడా ఎడమ చెయ్యి స్టీరింగు తిప్పుతుండేదట. “దాన్నే సేసుకోకపోయినవ్, నన్నెందుకు సేసుకున్నవ్?” అని దెప్పేది భార్య హన్మవ్వ. ఆయన సిగ్గుపడి నవ్వేవాడే గాని, కాదని మాత్రం అనేవాడు కాదు.

కలలు కనేవాడు పనికి రాడనుకుంటే పొరపాటు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ఆ ఊళ్ళో బండ్ల సంఘం పెట్టింది ఈ రాజలింగే. అంతకుముందు చెరుకు మోసే పని ఒక దళారి చేతిలో ఉండేది. అతగాడికి నచ్చినవాడికి పని, నచ్చనివాడి ఎడ్లు కొట్టంలో నిలబడాల్సిందే. ముసలి ఎడ్లున్నవాళ్ళ గతి మరీ అధ్వాన్నం. రాజలింగు ఇల్లిల్లూ తిరిగి బండ్లవాళ్ళందరినీ ఒక్కచోట కూర్చోబెట్టాడు. “ఎవ్వని ఎడ్లూ కొట్టంల ఊకె నిలవడొద్దు. గందుకే మనకు సంఘం” అన్నాడు. ఎడ్లు బక్కవైనా బలమైనవైనా వంతు వంతే. ఆ కట్టుబాటు మీద సంఘం నిలబడింది, దళారి ఇంకో ఊరు చూసుకున్నాడు.

ఏడెనిమిదేళ్ళకు సంఘం పైసలు ఒక పెద్ద వస్తువు కొనేటంత జమ అయ్యాయి. ఏం కొనాలన్న ప్రశ్నే రాలేదు. ఫ్యాక్టరీ ముందు బండ్లు వరుసలో ఆగిన ప్రతిసారీ రాజలింగు ట్రాక్టరు ముచ్చట చెప్పేవాడు కదా, వినీ వినీ ఊరంతా అదే కలలో పడింది. షెడ్డుకు జాగా చూశారు. కొబ్బరికాయ ఎవరు కొట్టాలో ఖాయం చేశారు. ట్రాక్టరు ఇంకా నిజామాబాద్ దాటలేదు గాని, దాని మీద ముందు ఎవరు కూర్చోవాలన్న దాని మీద రెండు కొట్లాటలు కూడా అయిపోయాయి. ఎడ్లబండ్ల సంఘానికి ట్రాక్టరు ఎందుకురా అని అడిగిన మనిషి ఒక్కడు లేడు. అందరూ తెలివైనవాళ్ళే, ఏం లాభం?

కొనేముందు ఒకసారి నడిపి చూపిస్తామని దుకాణంవాళ్ళు ట్రాక్టరును పంపారు. పొద్దెక్కేసరికి ఎర్రగా మెరుస్తూ ఊళ్ళోకి వచ్చింది. రాజలింగు దాని ముక్కు మీద చెయ్యి వేసి, వేడికి చురుక్కుమన్నా తియ్యలేదు.

ఆ రోజు చెరుకు మోసే మొదటి వంతు ఎర్రన్నది. సంఘంలో పెద్దవాడు, ఎడ్లు కూడా ఆయనలాగే అలిసిపోయినవి. పొద్దున్నే బండి కట్టుకుని తోటకు వచ్చాడు. ట్రాక్టరు వెనక పెద్ద ట్రాలీ తగిలించారు. ఎర్రన్న మోయాల్సిన చెరుకు, ఆ తర్వాతి వంతువాళ్ళది, వాళ్ళ తర్వాతివాళ్ళది కూడా ఒక్కసారే ఎక్కించుకుని అది గర్జిస్తూ వెళ్ళిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎర్రన్న కూడా కొట్టాడు. తర్వాత కాడి విప్పి, ఎడ్లను చెట్టుకు కట్టి, రాజలింగు దగ్గరికి వచ్చాడు.

“మంచిగున్నది తమ్మీ. దాని జోరు సల్లగుండ. మరి రేపటి సంది నేనేం జెయ్యాలె?”

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే తెలియక అడిగాడు. రాజలింగుకు ఆ క్షణంలో కలిగింది సిగ్గు, వేరే పేరు పెట్టడానికి లేదు. ఆ మధ్యాహ్నం హన్మవ్వ అన్నం పెడితే కంచం పక్కకు జరిపాడు.

“ఏమైంది? దయ్యం పట్టినట్టు కూసున్నవ్?”

“నా ఆశను ఊరందరి నెత్తిన పెట్టిననే” అన్నాడు.

రెండో రోజు సంఘం కూర్చుంది. ట్రాక్టరు వద్దు అని రాజలింగు అనగానే గోల లేచింది. కుర్ర బండివాడు పోశయ్య అందరికంటే ముందు లేచాడు.

“నువ్వే గదనే మాకు ఎక్కిచ్చినవ్! రోజూ గదే ముచ్చట. ఇప్పుడు నువ్వే వద్దంటవా?”

“అంట, వద్దనే అంట” అన్నాడు రాజలింగు. “ట్రాక్టర్ నా ఆశ, సంఘానిది గాదు. గిన్నేండ్లు రెండూ ఒకటే అనుకున్న, గదే తప్పు. ఎవ్వని ఎడ్లూ నిలవడొద్దని సంఘం పెట్టుకున్నం. ట్రాక్టర్ వస్తే అందరియీ నిలవడతయి. దళారైతే కొందరినే నిలవెట్టె. మన పైసలతోని మనమే అందరం నిలవడుదమా?”

“మరి గా పైసలేం జేద్దాం? పాతిపెడదమా?” అన్నాడు పోశయ్య.

“బండ్లకు రబ్బరు టైర్లు కొందం. మరాఠోళ్ళ బండ్లు సూడలే? గవే ఎడ్లు, బరువు రెండింతలు. ఎర్రన్న ఎడ్లు సుత గుంజుతయి.”

ఎర్ర ట్రాక్టరు చూపించి నల్ల రబ్బరు చేతిలో పెడితే ఎవరికి మాత్రం ఉత్సాహం ఉంటుంది? గొణిగారు, తిట్టారు, కడుపులో ఉన్నదంతా కక్కారు. చివరికి ఒక్కొక్క చెయ్యి లేచింది. ఎర్రన్న మాత్రం తల వంచుకుని కూర్చున్నాడు, చెయ్యి ఎత్తలేదు. తమ్ముడిలాంటి రాజలింగు ఆశకు ఎదురు చెయ్యి ఎత్తడం ఆయన వల్ల కాలేదు.

టైర్లు అందరికీ ఒక్కసారే రాలేదు. బక్క ఎడ్లవాళ్ళకు ముందు అనుకున్నారు. ఊళ్ళో అందరికంటే బలమైన ఎడ్లు రాజలింగువి, కాబట్టి ఆయన ఆఖరు. సీజను సగానికి వచ్చేసరికి చప్పుడు లేకుండా సాగిపోయే బండ్ల వెనక ఒక్క కట్టె చక్రాల బండి వస్తుండేది.

ఆ సీజనులోనే దుకాణంవాళ్ళు అదే ట్రాక్టరును పక్క ఊరి పెద్ద రైతుకు అమ్మారు. ఒక పొద్దున మంచు ఇంకా విడవకముందే అది వెనక నుంచి వచ్చింది. రాజలింగు బండిని పక్కకు తీశాడు. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర నుంచి అది పోయింది. ఎరుపు మంచులో కలిసిపోయేదాకా చూస్తూనే ఉన్నాడు.

ముందు బండి ఆగింది. ఎర్రన్న దిగి వచ్చాడు.

“మా కోసం ఇడిసిపెడితివి గదనే.”

“అవునే అన్నా” అన్నాడు రాజలింగు. చెంపలు తడిశాయి, తుడుచుకోలేదు. “మస్తు పానముండె దాని మీద.”

ఎర్రన్న వెనుదిరిగాడు. తన బండిని దారి పక్కకు తీసి నిలబెట్టాడు. ఆ ముందున్న పోశయ్య వెనక్కి తిరిగి చూసి, తనూ పక్కకు తీశాడు. ఆ ముందువాడు, ఆ ముందువాడు. ఫ్యాక్టరీ దగ్గర వంతు తప్పితే కొట్టుకునే మనుషులు.

“ఏందిది? వంతు తప్పొద్దు” అన్నాడు రాజలింగు, సంఘం పెద్దమనిషిగా.

“నడువు” అన్నాడు పోశయ్య.

రాజలింగు తల వంచుకుని ఎడ్లను అదిలించాడు. బండి కిర్రుమంటూ అందరినీ దాటుకుని ముందుకు పోయింది.