మా డెయిరీ కంప్యూటర్ ఎలా లేవాలో

మండికల్ దగ్గర మా పల్లెలో పాల డెయిరీ సెక్రెటరీని నేను. పాలలో ఫ్యాట్ చూసే మిషన్‌ను పొద్దున్నే వేడినీళ్లతో కడగాలి, తర్వాత అది కాస్త వేడెక్కాలి. అప్పుడుగానీ పని చేయదు. కంప్యూటర్‌కు అంత ఓపిక లేదు. స్విచ్ వేయగానే లేచి, మిషన్ కోసం ఒక్కసారి చూసి, కనబడలేదని మూతి ముడుచుకుని కూర్చునేది. అది ఫ్యాట్ లెక్క స్లిప్పు ఇవ్వనిదే నేను పాలు పోయించుకోవడానికి లేదు.

కంప్యూటర్ లేవగానే ఏది ముందు మొదలుకావాలో, ఏది తర్వాతో చెప్పే స్టార్టప్ ఫైలు ఒకటి ఉంటుంది. చింతామణిలో కంప్యూటర్ కోర్సు చేసినదాన్ని, తెరిచి చదివాను. బ్రహ్మవిద్యేమీ కాదు. ‘మూడు నిమిషాలు ఆగు’ అని ఒక్క వరుస చేర్చాను. మర్నాటి నుంచి క్యూ సాఫీగా కదిలింది.

కొన్నాళ్లకు సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు బెంగళూరు నుంచి అప్‌డేట్ పంపారు. నా వరుస మాయం. అడగలేదు, చెప్పలేదు. కారణం నాకు దొరికేలోపు రెండు రోజులు పాలవ్యాన్ ఉత్తచేతుల్తో వెళ్లిపోయింది. ఒక్క ఆవు మీద బతికే ముసలమ్మ విరిగిన పాలు రెండుసార్లూ పారబోసింది.

“ఏమమ్మా, మిషన్ కోసరం మనముండామా, మన కోసరం మిషనుండాదా?” అని అడిగింది. నాకు కంపెనీవాళ్ల మీద ఒళ్లు మండింది.

ఫోన్ చేస్తే, అది సిస్టమ్ ఫైలు, మీరు ముట్టుకోకూడదన్నారు. ఎందుకు ముట్టుకోకూడదు? అదే కంప్యూటర్‌లో సెట్టింగుల ఫైలు మార్చుకుంటే, అప్‌డేట్ వచ్చినప్పుడు ‘మీది ఉంచాలా, కొత్తది పెట్టాలా’ అని అడుగుతుంది. ఆ మర్యాద దీనికెందుకు లేదు? మా మిషన్ ఎంతసేపటికి వేడెక్కుతుందో బెంగళూరులో కూర్చున్నవాళ్లకేం తెలుసు? కంప్యూటర్ లేచే వరుస కూడా సెట్టింగే. దాన్ని మార్చుకునే హక్కు వాడుకునేవాళ్లది. ఈ మాట మీద నేను ఎవరికీ తగ్గను.

మూడో రోజు పొద్దున ఆ వరుస మళ్లీ రాస్తుండగా కంపెనీ ఇంజినీరు దిగాడు. వెనక క్యూ అంతా చూస్తోంది.

“ఇది మార్చడానికి పర్మిషన్ ఎవరిచ్చారు?” అని గద్దించాడు.

నేను రాయడం ఆపలేదు. ముసలమ్మ తన క్యాను ముందుకు జరిపి, అతని ఎదురుగా నిలబడింది.

“నేనిచ్చినానప్పా. రెండు దినాలు నా పాలు ఇరగ్గొట్టేకి నీకెవురిచ్చినారు?”